మెల్‌బోర్న్ గాలివాన ఆస్తమా: ప్రమాదం ఎవరికో తెలిసింది, ఆ తర్వాత?

అక్టోబర్ 1 వచ్చిందంటే ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో గడ్డి పుప్పొడి సీజన్ మొదలైనట్టే. డిసెంబర్ 31 దాకా 'థండర్‌స్టార్మ్ ఆస్తమా' (గాలివానకు పగిలిన పుప్పొడితో ఒక్కసారిగా చాలామందికి వచ్చే ఉబ్బసం) ముప్పు ఎంతుందో ఆకుపచ్చ, నారింజ, ఎరుపు రంగుల్లో చెబుతుంటారు. దాంతోపాటే పాత వాదనా తిరిగొస్తుంది. 2016లో మెల్‌బోర్న్‌లో జరిగింది, ప్రభుత్వం అన్నట్టు, ఎవరూ ఊహించలేని వైపరీత్యమా, ముందే పసిగట్టాల్సిన ప్రమాదమా? టార్నిట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ లాంటి మెల్‌బోర్న్ పడమటి శివార్లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఇది ఎవరిదో గొడవ కాదు.

2016 నవంబర్ 21 సాయంత్రం సంగతి చాలామందికి తెలుసు. మండే ఎండ, గాలివాన, ఒక్కసారిగా పది డిగ్రీలు పడిపోయిన ఉష్ణోగ్రత, ఊపిరాడక విలవిల్లాడిన జనం, పది మరణాలు. మర్నాడు అర్ధరాత్రి దాకా, 30 గంటల్లో, శ్వాస ఇబ్బందితో ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లు మామూలుకన్నా 3,365 మంది ఎక్కువ. అంబులెన్సులు చాలలేదు.

ఈ కథలో అసలు మలుపు ఆ రాత్రి కాదు. ఆస్పత్రులకు వచ్చినవాళ్లను పరిశోధకులు వివరాలు అడిగి, 2018లో ప్రచురించిన లెక్కలది. వివరాలిచ్చిన 1,435 మందిలో, ప్రస్తుతం ఆస్తమా ఉందని డాక్టరు నిర్ధారించినవాళ్లు 28 శాతమే. అక్కడి వసంతకాలంలో (సెప్టెంబర్–నవంబర్) తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురదలతో సరిపెట్టుకునే హే ఫీవర్ (పుప్పొడి అలర్జీ) మనుషులు ఆ రాత్రి పిల్లికూతలతో ఆస్పత్రికి పరిగెత్తారు. మరో లెక్క ఇంకా ముఖ్యం. ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లలో భారతీయ, ఇతర ఆసియా మూలాలవాళ్లు 39 శాతం. నగర జనాభాలో వాళ్లు పాతిక శాతం. చనిపోయిన పదిమందిలో వాళ్లు ఆరుగురు. భారత్, శ్రీలంకల్లో పుట్టి ఆస్తమాతో ఆస్పత్రిలో చేరినవాళ్ల వాటా అంతకుముందు మూడేళ్లలో 1 శాతం ఉండేది. ఆ రెండు రోజుల్లో 10 శాతమైంది.

మనవాళ్ల ఊపిరితిత్తులు బలహీనమని దీనర్థం కాదు. పశువుల మేత కోసం యూరప్ నుంచి వలసదారులు తెచ్చిన రై గడ్డి విక్టోరియా పచ్చికల్లో నిండిపోయింది. హైదరాబాద్ నుంచో గుంటూరు నుంచో వెళ్లినవాళ్లకు అది కొత్త పుప్పొడి. దిగగానే ఏమీ కాదు. కొన్ని వసంతాలు గడిచాక శరీరం ఎదురుతిరగడం మొదలవుతుంది. వచ్చిన కొత్తలో లేని జబ్బు కాబట్టి, ఏదో జలుబేలే అనుకుంటారు.

ఆ పుప్పొడి ఏం చేయగలదో శాస్త్రానికి అప్పటికే తెలుసు. ఇక్కడే ప్రభుత్వ వాదన బలహీనపడుతుంది. 1987లో, 1989లో మెల్‌బోర్న్‌లోనే గాలివానల తర్వాత ఆస్తమా రోగులు ఆస్పత్రులకు పోటెత్తారు. మామూలుగా ముక్కులోనే ఆగిపోయేంత పెద్దదైన రై గడ్డి పుప్పొడి రేణువు, నీరు తగిలితే పగిలి 700 దాకా సూక్ష్మ కణాలను వదులుతుందనీ, అవి ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరగలవనీ మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన సెంక్ సుఫియోగ్లు, మోహన్ సింగ్, బ్రూస్ నాక్స్ బృందం 1992లోనే తేల్చింది. అంటే దాదాపు పాతికేళ్ల వ్యవధి దొరికింది.

అధికారుల మాట కూడా చెప్పాలి. ఆ స్థాయి ఘటన ప్రపంచంలో ఎక్కడా అంతకుముందు జరగలేదు. 2018లో కరోనర్ (ఆకస్మిక మరణాలపై విచారణ జరిపే అధికారి) పరీసా స్పానోస్ కూడా ఇది మునుపెన్నడూ లేనిదన్నారు. 2017 అక్టోబర్‌కల్లా ముందస్తు హెచ్చరికల వ్యవస్థ వచ్చింది. మూడు రోజుల ముప్పు అంచనా ఇప్పుడు ఫోన్‌లో కనబడుతుంది. అది చిన్న విషయం కాదు.

కానీ హెచ్చరిక చెప్పేది ఏ రోజు ప్రమాదమో మాత్రమే. ఆ రాత్రి ఐసీయూలో చేరిన 35 మందికీ ఆస్తమా ఉంది. వాళ్లలో ఆస్తమా ముదరకుండా రోజూ వాడాల్సిన ప్రివెంటర్ ఇన్‌హేలర్ వాడుతున్నది 12 మందే. ఆ 35 మందిలో ఐదుగురు బతకలేదు. ఆస్ట్రేలియాలో అప్పటికప్పుడు ఉపశమనమిచ్చే నీలం రంగు వెంటోలిన్ ఇన్‌హేలర్ మందుల షాపులో చీటీ లేకుండానే దొరుకుతుంది. ప్రివెంటర్‌కు మాత్రం డాక్టరు చీటీ కావాలి. మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉన్నవాళ్లకు అది రాయితీ ధరకు వస్తుంది. విద్యార్థి వీసా మీద చదువుతూ రాత్రిళ్లు గిడ్డంగిలో పనిచేసే కుర్రాడికి మెడికేర్ ఉండదు. తప్పనిసరిగా తీసుకున్న బీమా మందుల ఖర్చును భరించేది పరిమితంగానే. షిఫ్టు వదులుకుని డాక్టరు దగ్గరకెళ్లడం కన్నా వెంటోలిన్ కొనుక్కోవడమే అతనికి సులువు.

దీనికి మన ఇళ్లలోని భయాలు తోడవుతాయి. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని, ఉబ్బసం అని తెలిస్తే సంబంధాలు రావని, పెళ్లికాని పిల్లల జబ్బును దాచే కుటుంబాలు తెలుగునేల మీద ఇప్పటికీ ఉన్నాయి. విమానమెక్కినంత మాత్రాన ఆ భయం పోదు.

అందుకే ఈ సీజన్‌లోనూ వలస కుటుంబాల తరఫున అడగాల్సినవి రెండు. మెడికేర్ లేనివాళ్లకూ ప్రివెంటర్ రాయితీ ధరకు ఇవ్వాలి. కొన్ని వసంతాలుగా తుమ్ముతున్న ప్రతి వలసదారుణ్నీ ఆస్తమా కోసం పరీక్షించాలి, అదీ ఏటా అక్టోబర్ రాకముందే.