తొమ్మిదేళ్లకు ఏడ్చి గెలిచిన పిల్ల

చిరంజీవులకు,

ఆశీస్సులు. "చిన్నప్పుడే సినిమాల్లో పేరొచ్చిన పిల్లలు పెద్దయ్యాక ఏమైపోతారు బామ్మా?" అని మీలో ఒకరు అడిగారు. ఎక్కువమంది కనబడకుండా పోతారు. బుగ్గలు తగ్గి, గొంతు మారి, కాళ్లు పొడుగయ్యేసరికి జనానికి ఆ పిల్ల మీద మోజు తీరిపోతుంది. మన శ్రీదేవిలాగా నాలుగేళ్లకే కెమెరా ముందుకొచ్చి, పెద్దయ్యాక కూడా నిలబడినవాళ్లు తక్కువ. శ్రీదేవి కథ మీ ఇంట్లో ఎవరైనా చెబుతారు. నేను మాత్రం ఫిలిప్పీన్స్ మనిషి గురించి రాస్తాను. ఆవిడ పేరు విల్మా శాంతోస్. మెడిసిన్ చదవడానికి మనీలాకో దవావోకో వెళ్లిన అక్కలు, అన్నలు మీకుంటే ఈ పేరు చెప్పి చూడండి. అక్కడ ఆవిడ తెలియని ఇల్లు అరుదు.

ఆవిడ 1953 నవంబర్ 3న మనీలాలో పుట్టింది. ఆ రోజుల్లో అక్కడ సినిమాలంటే పెద్ద స్టూడియోలే. నటీనటులంతా వాటి జీతగాళ్లు. వాటిలో సంపగీతా పిక్చర్స్ ఒకటి. 1963లో వాళ్లు 'త్రుదిస్ లియిత్' అనే సినిమాకు పాప కోసం వెతుకుతున్నారు. కథ మార్స్ రవేలోది. కామిక్ కథల్లో ఆయనది అక్కడ చాలా పెద్ద పేరు. విల్మా అసలు వెళ్లింది వేరే సినిమాలో వేషం కోసమనీ, అక్కడే ఈ సినిమాకు పిల్లలు వరసలో నిలబడి ఉంటే తనూ వెళ్లి నిలబడిందనీ చెబుతారు. వేషం ఆమెకే వచ్చింది. ఆ సినిమాలో పిల్ల పని బాధలు పడటం, ఏడవటం. ఆ పిల్లను రాచిరంపాన పెట్టే వేషంలో బెల్లా ఫ్లోరెస్. మనకు సూర్యకాంతం ఎలాగో వాళ్లకు ఆవిడ అలాగ. తొమ్మిదేళ్ల పిల్ల ఏడిస్తే హాలంతా ఏడ్చింది. వాళ్ల ఫామాస్ అవార్డుల్లో ఉత్తమ బాలనటి బహుమతి కూడా ఆమెకే ఇచ్చారు.

ఇక్కడ కాసేపు ఆగండి. మీలో రీల్స్ చేసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. 1963లో ఆ పిల్ల రోజుకు ఎన్ని గంటలు పనిచేయాలి, రాత్రి షూటింగ్ ఉండొచ్చా, వచ్చిన డబ్బు ఎవరిది అని పట్టించుకునేవాళ్లు లేరు. పిల్లల పని గంటల మీద, సంపాదన మీద ఫిలిప్పీన్స్‌లో గట్టి చట్టం 2003లో వచ్చింది. పదిహేనేళ్ల లోపు పిల్లలైతే రోజుకు 4 గంటలు, వారానికి 20 గంటలు దాటకూడదు. రాత్రి 8 నుంచి పొద్దున 6 దాకా పని పెట్టకూడదు. పిల్లల సంపాదనలో ఇంటి అవసరాలకు 20 శాతం కంటే ఎక్కువ వాడకూడదు. ఏడాదికి 2 లక్షల పెసోలు, అంతకు మించి సంపాదిస్తే కనీసం 30 శాతం వాళ్ల పేరున దాచాలి. మన దేశంలోనూ 2017 నుంచి నియమాలున్నాయి. రోజుకు 5 గంటలకు మించి పని ఉండకూడదు, మధ్యలో విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటకూడదు, వరసగా 27 రోజులకు మించి పనిచేయించకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరున జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. పెద్దవాళ్లు మీ ముద్దుమాటలు మెచ్చుకుంటూ ఫోన్ పట్టుకొచ్చినప్పుడు ఈ 20 శాతం సంగతి అడగండి. వాళ్ల మొహాలు చూడాలి అప్పుడు!

సరే, విల్మా దగ్గరికి వద్దాం. పాప వేషాలు అయిపోయి, హీరోయిన్ వేషాలకు ఇంకా వయసు చాలని ఆ మధ్యకాలంలోనే చాలామంది జారిపోతారు. ఆమెను అక్కడ కాపాడింది జంట సినిమాలు. 1960ల చివర్లో ఫిలిప్పీన్స్ కుర్రకారుకు జంటల పిచ్చి పట్టింది. విల్మా, ఎడ్గర్ మోర్తిజ్ ఒక జంట. నోరా అవునోర్, తీర్సో క్రూజ్ ఇంకో జంట.

నోరా గురించి చెప్పకుండా విల్మా గురించి చెప్పడం కుదరదు. ఆమె బికోల్ ప్రాంతంలో ఇరిగా అనే ఊళ్లో పుట్టింది. చిన్నప్పుడు రైల్వే స్టేషన్‌లో నీళ్లు అమ్మింది. 1967లో పాటల పోటీలో గెలిచి పైకొచ్చింది. తెల్లటి ఒళ్లు, కోటేరులాంటి ముక్కు ఉన్నవాళ్లే హీరోయిన్లని నమ్మిన దేశంలో చామనఛాయ పొట్టి పిల్ల వచ్చి అందరినీ పక్కకు నెట్టేసింది. ఇక దేశమంతా రెండు ముఠాలు. నోరా అభిమానులు నోరానియన్లు, విల్మా అభిమానులు విల్మానియన్లు. పేర్లు కూడా పెట్టుకున్నారు చూడండి! నాకు అభిమానుల కొట్లాటల మీద గౌరవం లేదు. అయినా ఒకటి ఒప్పుకోవాలి. ఆ పోటీ లేకపోతే విల్మా బహుశా తీయని నవ్వుల సినిమాల్లోనే ఉండిపోయేది.

1973లో విల్మా తెర మీద డార్నా అయింది. ఇది కూడా మార్స్ రవేలో సృష్టే. నార్దా అనే మామూలు పల్లెటూరి పిల్ల చిన్న రాయి మింగి 'డార్నా' అని అరిస్తే ఎగిరే వీరనారి అవుతుంది. పిల్లలకు పండగే. డబ్బులూ వచ్చాయి. కాని ఇరవై ఏళ్లకు ఎగిరినట్టు నలభై ఏళ్లకు ఎగరలేం కదా.

ఆమె అసలు మలుపు 1977లో. సెల్సో అద్ కాస్తియో అనే దర్శకుడు 'బుర్లెస్క్ క్వీన్' తీశాడు. మన జాతర్లలో రికార్డింగ్ డాన్సులు చేసే అమ్మాయిలుంటారే, దాదాపు అలాంటి అమ్మాయి కథ. ఇల్లు గడవక స్టేజీ ఎక్కుతుంది, జనం ఈలలు వేస్తారు, లోపల ఆమె ఏమైపోతుందో ఎవరికీ పట్టదు. దేశమంతా తమ ఇంటి పాపగా చూసుకున్న అమ్మాయి ఆ వేషం వేయడమంటే మాటలు కాదు. అందులో ఒళ్లు చూపించింది అని గొడవ చేసినవాళ్లకు ఆమె చూపించిన అలసట కనబడలేదని నా అనుమానం. ఆ ఏడాది మెట్రో మనీలా చిత్రోత్సవంలో ఉత్తమ నటి ఆమే. ఆ సినిమా మీరు ఇప్పుడే చూడకండి. పెద్దయ్యాక చూద్దురుగాని.

తర్వాత 1982. ఇషమాయెల్ బెర్నాల్ అనే మహానుభావుడు ఒకే ఏడాది రెండు సినిమాలు తీశాడు. నోరాతో 'హిమాలా', విల్మాతో 'రెలాస్యోన్'. ముఠాలవాళ్లు ఏమని కొట్టుకోవాలి చెప్పండి, ఇద్దరికీ గురువు ఒకడే! 'రెలాస్యోన్'లో విల్మాది పెళ్లయిన మగవాడితో కలిసి బతుకుతూ భార్య హోదా లేక నలిగిపోయే ఆడమనిషి వేషం. ఫిలిప్పీన్స్‌లో ముస్లింలకు తప్ప మిగతావాళ్లకు విడాకుల చట్టం లేదు, అందుకే అక్కడ ఆ కథ ఇంకా గట్టిగా తగులుతుంది. ఆ ఏడాదికి ఉరియాన్, ఫామాస్, కాథలిక్ సంస్థ వాళ్ల బహుమతి, ఫిల్మ్ అకాడమీ బహుమతి నాలుగూ ఆమెకే వచ్చాయి. నాలుగూ ఒకేసారి అందుకున్న మొదటి నటి విల్మా.

నాకు ఇంకా ఎక్కువ నచ్చేది 1984 నాటి 'సిస్టర్ స్టెల్లా ఎల్'. దర్శకుడు మైక్ డి లియోన్. అప్పుడు దేశం అధ్యక్షుడు మార్కోస్ చేతిలో ఉంది. 1972లో సైనిక చట్టం పెట్టి పత్రికల నోళ్లు మూయించిన మనిషి. అంతకు ముందటేడు, 1983 ఆగస్టులో, ప్రతిపక్ష నాయకుడు నినోయ్ అకీనోను విమానం దిగుతుండగానే మనీలా విమానాశ్రయంలో కాల్చి చంపారు. ఊరంతా ఉడికిపోతోంది. అలాంటప్పుడు సమ్మె చేస్తున్న కార్మికుల పక్కన నిలబడే సన్యాసినిగా విల్మా నటించింది. మొదట్లో ఆ సన్యాసినికి లోకం తెలియదు, మెల్లగా కళ్లు తెరుచుకుంటుంది. వెనిస్ చిత్రోత్సవానికి వెళ్లిన సినిమా ఇది. నిర్మాతకు లాభం తెచ్చే కథ కాదని తెలిసీ ఒప్పుకుందంటే, ఆమె అప్పటికి ఎంత దూరం వచ్చిందో చూడండి.

ఇక అమ్మ వేషాలు. హీరోయిన్లు వాటి నుంచి పారిపోతారు, విల్మా వాటి దగ్గరికి వెళ్లింది. 1993లో, తనకు ఎయిడ్స్ ఉందని బయటకు చెప్పిన మొదటి ఫిలిపినా డొల్జూరా కోర్తెజ్ జీవితాన్ని తెరమీద బతికింది. 1998లో, 2002లో లువల్హాతి బౌతిస్తా నవలల మీద తీసిన రెండు సినిమాల్లో నటించింది. ఒకదాంట్లో ఇద్దరు పిల్లల తల్లి, ఆ ఇద్దరికీ తండ్రులు వేరు. "మంచి తల్లి అంటే ఎవరు?" అని ఊరంతా వేలెత్తితే తల దించని మనిషి. రెండోదాంట్లో సైనిక చట్టం రోజుల్లో ఐదుగురు కొడుకుల తల్లి.

ఈ రెండింటి మధ్య 2000లో వచ్చింది 'అనాక్'. ఫిలిప్పీన్స్ నుంచి లక్షల మంది ఆడవాళ్లు ఇళ్లల్లో పనికి హాంకాంగ్, సింగపూర్, కువైట్ వెళతారు. అనాక్‌లో తల్లి హాంకాంగ్‌లో ఎవరి పిల్లలనో పెంచి, డబ్బు పంపి, చివరికి ఇంటికొస్తుంది. తన పిల్లలు ఆమెను పరాయి మనిషిలా చూస్తారు. పెద్దకూతురి కోపం భరించలేం. ఆ తల్లి చెడ్డది కాదు, ఆ కూతురూ చెడ్డది కాదు. కడప జిల్లా నుంచి, కోనసీమ నుంచి మన ఆడవాళ్లు కూడా ఇదే పనికి కువైట్ వెళ్తున్నారు. ఒకే వీధిలో, పక్క పక్క ఇళ్లలో ఫిలిపినాలతో పాటు పనిచేస్తున్నారు. మీ క్లాసులో అమ్మమ్మ దగ్గరో, పెద్దమ్మ దగ్గరో పెరుగుతున్న పిల్లలు ఉంటే, వాళ్లమ్మ ఫోన్ చేసినప్పుడు వాళ్లెందుకు ముభావంగా మాట్లాడతారో ఈ సినిమా చూస్తే కొంత తెలుస్తుంది.

రాజకీయాల సంగతి తొందరగా చెప్పేస్తాను, నాకు సినిమాల మీద ఉన్నంత ప్రేమ వాటి మీద లేదు. 1992లో ఆమె రాల్ఫ్ రెక్తోను పెళ్లి చేసుకుంది. ఆయన తర్వాత సెనేటర్ అయ్యాడు, 2024లో ఆర్థిక మంత్రి అయ్యాడు. వాళ్లది బతంగాస్ ప్రాంతంలో లిపా. 1998లో ఆమె లిపా మేయర్ అయింది, ఆ పదవిలో మొదటి మహిళ. ఫిలిప్పీన్స్‌లో మేయర్లయినా గవర్నర్లయినా మూడేళ్ల చొప్పున వరసగా మూడుసార్ల కంటే ఎక్కువ ఉండకూడదు. అందుకే తొమ్మిదేళ్లు మేయరు, 2007 నుంచి తొమ్మిదేళ్లు బతంగాస్ గవర్నరు, ఆ తర్వాత 2022 దాకా పార్లమెంటు దిగువ సభ. ఉరిశిక్ష మళ్లీ తేవాలని 2017లో బిల్లు వచ్చినప్పుడు, అధికార పక్షంలో ఉంటూనే ఆమె వద్దని ఓటేసింది. దాంతో సభా సంఘం అధ్యక్ష పదవి పోయింది. ఆ ఒక్క ఓటుకు మాత్రం నేను ఆమెకు దణ్ణం పెడతాను.

గవర్నరుగా ఉన్న రోజుల్లోనే 2013లో ఆమె 'ఎక్స్‌ట్రా' అనే చిన్న సినిమా చేసింది. దర్శకుడు జెఫ్రీ జెతూరియన్. ఇందులో ఆమె స్టార్ కాదు, జూనియర్ ఆర్టిస్టు. తెల్లవారకముందే బస్సెక్కించి తీసుకెళ్లి, ఎండలో నిలబెట్టి, తిండి ఆలస్యం చేసి, ఒక్క షాట్ కోసం రోజంతా కాయించే మనుషుల్లో ఒకామె. కూతురి ఫీజు కోసం ఒక్క డైలాగు దొరికితే చాలనుకునే తల్లి. యాభై ఏళ్లుగా సెట్‌లో కుర్చీ వేయించుకుని కూర్చున్న మనిషి, కుర్చీ లేనివాళ్ల నడుం నొప్పిని ఎంత బాగా చూసిందో! సినెమలాయా ఉత్సవంలో ఉత్తమ నటి బహుమతి ఇచ్చారు.

2025 ఏప్రిల్ 16న నోరా అవునోర్ చనిపోయింది. 2022లోనే ఆమెకు జాతీయ కళాకారిణి గౌరవం ఇచ్చారు. నెల తిరక్కుండానే వచ్చిన ఎన్నికల్లో విల్మా 71 ఏళ్ల వయసులో మళ్లీ బతంగాస్ గవర్నర్‌గా గెలిచింది. అదే ఎన్నికల్లో ఇద్దరు కొడుకులనూ నిలబెట్టారు. ఉప గవర్నర్ పదవికి నిలబడ్డ పెద్దవాడు లూయిస్ మన్సానో ఓడిపోయాడు. చిన్నవాడు రయాన్ లిపా సీటులో పార్లమెంటుకు గెలిచాడు. ఒక ఇంట్లో ఇన్ని పదవులా అని అక్కడివాళ్లూ అడిగారు, నేనూ అడుగుతాను. తెర మీద అన్ని రకాల బతుకులు బతికి చూపించిన మనిషికి ఈ సంగతి తట్టలేదంటే నమ్మను.

వేసవి సెలవుల్లో సబ్‌టైటిల్స్‌తో దొరికితే ముందు 'అనాక్' చూడండి, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని. తర్వాత 'ఎక్స్‌ట్రా'. పెద్దపిల్లలైతే 'సిస్టర్ స్టెల్లా ఎల్' కూడా. 'అనాక్'లో మీరు కూతురి పక్షమా, తల్లి పక్షమా అన్నది మీలో ఎవరికి వాళ్లు విడివిడిగా రాయండి. అందరూ కలిసి ఒకే జవాబు రాస్తే నేను చదవను.

ఇట్లు,
మీ బామ్మ