రెండు కోట్ల ఓట్లు ఎక్కడికి పోయాయి? ఓడిన రాత్రి మొదలయ్యే అపోహలు, ఒక ఎలక్షన్ ఆఫీసర్ జవాబులు

అమెరికాలో, వర్జీనియాలోని లౌడన్ కౌంటీలో ఉంటాను. పగలంతా అందరిలాగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఎలక్షన్ వచ్చినప్పుడు మాత్రం సెలవు పెట్టి పోలింగ్ కేంద్రంలో ఆఫీసర్‌గా కూర్చుంటాను. సిటిజెన్‌షిప్ వచ్చిన ఏడాది నుంచీ ఇదే పని. ఎవరికి ఓటేశానో మా ఆయనకి కూడా చెప్పను కాబట్టి ఇందులో దాని కోసం వెతకొద్దు.

ట్రంప్ చేతిలో కమలా హారిస్ ఓడిన ప్రెసిడెంట్ ఎలక్షన్ మర్నాడు, 2024 నవంబర్ 6 ఉదయం నుంచి క్రిస్మస్ దాకా గుడిలో, కిరాణా కొట్టులో, పిల్లల సంగీతం క్లాసు బయట నన్ను అడిగింది ఒకటే ప్రశ్న. "నువ్వు లోపలే ఉంటావు కదా, నిజం చెప్పు, ఓట్లు ఏమయ్యాయి?" అంతకు నాలుగేళ్ల ముందు, ట్రంప్ ఓడినప్పుడు, ఇదే ప్రశ్న అవతలి పార్టీ వాళ్లు అడిగారు. అప్పుడు ఒక బాబాయి గారు, ఈసారి మా వీధి చివర ఉండే వదిన. వదినైతే అడుగుతూనే కార్ పార్కింగ్‌లో కళ్లనీళ్లు పెట్టుకుంది. కూతురు హైస్కూల్లో ఉంది, హారిస్ తల్లి శ్యామల గారు మన మద్రాసు నుంచి వచ్చినావిడ కదా అని ఇంట్లో అందరూ ఎంతో ఆశగా చూశారట. ఆవిడ బాధని నేనేమీ అనను. ఆ బాధ మీద వచ్చి వాలే వాట్సాప్ ఫార్వర్డులను చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: 2 కోట్ల ఓట్లు మాయమయ్యాయి

అసలు గొడవంతా ఇదే, మిగతావన్నీ దీని పిల్లలు.

ఎలక్షన్ మర్నాడు పొద్దున ఎవరో 2020 మొత్తం ఓట్లు ఒక పక్క, అప్పటికి లెక్కపెట్టిన 2024 ఓట్లు ఇంకో పక్క పెట్టి, మధ్యలో పెద్ద గొయ్యి చూపించారు. హారిస్ అభిమానులకు అది "మా ఓట్లు ఎత్తుకుపోయారు" అనడానికి పనికొచ్చింది. ట్రంప్ అభిమానులకు అదే గొయ్యి "చూశారా, 2020లో ఆ 2 కోట్లు దొంగ ఓట్లే" అనడానికి పనికొచ్చింది. ఒకే ఫొటో, కింద రాసిన మాటలు వేరు. ఆ రెండు ఫొటోలూ నాకు ఒకే రోజు, రెండు వేర్వేరు తెలుగు గ్రూపుల్లో వచ్చాయి.

జరిగిందల్లా లెక్క ఇంకా పూర్తికాకపోవడం. ఒక్క కాలిఫోర్నియాలోనే కోటీ 60 లక్షలకు పైగా బ్యాలెట్లు, అందులో ఎక్కువ భాగం పోస్టులో వచ్చేవి, ఎలక్షన్ రోజు పోస్టుమార్కు పడి వారం లోపు చేరినా చెల్లుతాయి, ప్రతి కవరు మీద సంతకం సరిచూడాలి. అక్కడి కౌంటీలకు ఆ పని పూర్తి చేయడానికి చట్టమే నెల రోజులిచ్చింది. మొత్తం అయ్యాక తేలింది ఏమిటంటే, 2024లో దేశం మొత్తం మీద సుమారు 15 కోట్ల 52 లక్షల ఓట్లు, 2020లో సుమారు 15 కోట్ల 84 లక్షలు. తేడా 32 లక్షలు. హారిస్‌కి దాదాపు 7 కోట్ల 50 లక్షలు, ట్రంప్‌కి 7 కోట్ల 73 లక్షలు. 2020లో బైడెన్‌కి వచ్చిన 8 కోట్ల 12 లక్షలతో పోలిస్తే హారిస్‌కి తగ్గిన మాట నిజమే. కొందరు ఇంట్లో కూర్చున్నారు, కొందరు అటు మారారు. ఇది జీర్ణించుకోవడం కష్టం, దొంగతనం జరిగిందనుకోవడం సులువు.

"సరే, కాలిఫోర్నియా సంగతి వదిలెయ్, మన దగ్గర రాత్రికి రాత్రి అంకెలు ఎందుకు మారతాయి?" అన్నారు బాబాయి గారు, 2020లో. ఆ రాత్రి టీవీల వాళ్లు వర్జీనియా బైడెన్‌దే అని చెప్పేశారు, స్క్రీన్ మీద అంకెల్లో మాత్రం ట్రంప్ ముందున్నాడు. చూసేవాడికి అనుమానం రాదా అంటే వస్తుంది. కానీ ఆ రోజు కేంద్రానికి వచ్చి వేసినవాళ్ల ఓట్లు ముందు పంపారు, కోవిడ్ వల్ల కుప్పలుగా వచ్చిన ముందస్తు ఓట్లు, పోస్టు ఓట్లు విడిగా లెక్కేసి రాత్రి పొద్దుపోయాక ఎక్కించారు. ముందు ఇడ్లీ ప్లేట్లు లెక్కపెట్టి తర్వాత దోశ ప్లేట్లు లెక్కపెడితే, మధ్యలో తొంగిచూసినవాడికి ఈ హోటల్లో దోశలే అమ్మరు అనిపిస్తుంది, అంతే.

లోపల ఏం జరుగుతుందో కూడా చెప్తాను, ఎందుకంటే ఇన్ని ఫార్వర్డులు పంపేవాళ్లలో ఒక్కరు కూడా లోపల ఏం జరుగుతుందో అడగలేదు. తెల్లవారుజామున 5 గంటలకు చేరతాం. స్కానర్ ఆన్ చేసి సున్నా ఓట్లున్నట్టు టేపు తీస్తాం, అందరం సంతకం పెడతాం. చీఫ్ ఒక పార్టీ తరఫు అయితే అసిస్టెంట్ చీఫ్ రెండో పార్టీ తరఫు మనిషి ఉండేలా చూస్తారు. పార్టీల పరిశీలకులు పక్కనే కుర్చీ వేసుకుని చూస్తుంటారు. 6 నుంచి 7 దాకా పోలింగ్. తలుపు మూశాక పోల్ బుక్‌లో చెకిన్ అయిన మనుషులెందరో, స్కానర్ మింగిన కాగితాలెన్నో, రెండూ సరిపోలాలి. ఒక్కటి తేడా వచ్చినా ఇంటికి పోనివ్వరు. ఒకసారి మాకు ఒకటి తేడా వచ్చింది. నలభై నిమిషాలు తల పట్టుకుని చూస్తే, ఒకాయన చెకిన్ అయి, లైను చూసి విసుగొచ్చి బ్యాలెట్ తిరిగిచ్చి వెళ్లిపోయాడు, అది వేరే కవర్లో పెట్టి రాయడం మేం మర్చిపోయాం. ఆ ఒక్క కాగితం దొరికేదాకా నాకు ఆకలి కూడా వేయలేదు.

కాగితాలు అన్నాను, గమనించారా? వర్జీనియాలో టచ్‌స్క్రీన్ మెషీన్లను 2017 సెప్టెంబర్‌లోనే రద్దు చేశారు. అప్పటినుంచీ ప్రతి ఓటుకీ ఒక కాగితం ఉంది, స్కానర్ ఏమన్నా కాగితం సీలు వేసి భద్రంగా ఉంటుంది. "స్టార్‌లింక్‌తో (ఉపగ్రహాల ద్వారా ఇచ్చే ఇంటర్నెట్) ఓట్లు మార్చారట" అని పంపినవాళ్లకి ఇదే జవాబు, ఉపగ్రహం పెట్టెలోని కాగితం మీద సిరా మార్చలేదు.

ఆ రాత్రి మేం పంపేది తుది లెక్క కాదు. వర్జీనియాలో ఎలక్షన్ రోజుకల్లా పోస్టుమార్కు పడిన బ్యాలెట్లు శుక్రవారం మధ్యాహ్నం 12 దాకా వస్తే చెల్లుతాయి. 2022 నుంచి అదే రోజు రిజిస్టర్ చేసుకుని ఓటేయొచ్చు, వాళ్లందరివీ ప్రొవిజనల్ (తాత్కాలిక) బ్యాలెట్లు, ఎలక్టోరల్ బోర్డు ఒక్కొక్కటీ పరిశీలించాకే కలుస్తాయి. కాబట్టి మర్నాడు అంకె పెరగకపోతే అప్పుడు అనుమానించాలి.

ఈ అపోహకి మూల్యం ఎవరు కట్టారో తెలుసా? 2020లో జార్జియాలో బైడెన్ ఆధిక్యం 11,779 ఓట్లు. దాదాపు 50 లక్షల బ్యాలెట్లను చేత్తో మళ్లీ లెక్కపెట్టినా విజేత మారలేదు. అయినా అట్లాంటాలో ఓట్లు లెక్కపెట్టిన తల్లీకూతుళ్లు రూబీ ఫ్రీమన్, షే మాస్‌ల వీడియో తిప్పి, యూఎస్‌బీ డ్రైవులు చేతులు మార్చుకున్నారని ట్రంప్ లాయర్ రూడీ జూలియాని ప్రచారం చేశాడు. తల్లి కూతురికిచ్చింది అల్లం మింట్ బిళ్ల. బెదిరింపులకు ఫ్రీమన్ ఇల్లు వదిలి ఎక్కడెక్కడో తలదాచుకోవాల్సి వచ్చింది. 2023 డిసెంబర్‌లో జ్యూరీ జూలియానిని వాళ్లకి 14 కోట్ల 80 లక్షల డాలర్లు కట్టమంది. అది వాళ్లకి పోయిన నిద్ర తెచ్చిపెడుతుందా? ఆ ఏడాది తర్వాత నేను బ్యాగులో బిళ్లలు పెట్టుకోవడం మానేశాను, నవ్వులాటకి కాదు, నిజంగానే.

మా నాన్న ప్రకాశం జిల్లాలో స్కూల్ మాస్టారు, ఎలక్షన్ డ్యూటీ తప్పేది కాదు. బ్యాలెట్ పెట్టెలతో లారీ ఎక్కి, రాత్రంతా పెట్టెలు అప్పజెప్పే లైన్లో నిలబడి, తెల్లారి ఇంటికొచ్చేసరికి ఓడిన అభ్యర్థి మనుషులు అరుగు మీద కూర్చుని "మాస్టారూ, నిజం చెప్పండి" అనేవాళ్లు. నాన్న కాళ్లు కడుక్కుని లోపలికి పోయేవాడు. ఇప్పుడు పెట్టెలు పోయి ఈవీఎంలు వచ్చాయి, అరుగు మాత్రం అలాగే ఉంది. 2019లో ఆంధ్రాలో 23 సీట్లకి పడిపోయిన పార్టీ ఈవీఎంల మీద అనుమానం అంది, 2024లో 11కి పడిపోయిన పార్టీ కూడా ఈవీఎంలే అంది. గెలిచిన ఏడాది ఎవరికీ ఆ మెషీన్ గుర్తురాదు.

అపోహ: సెనేట్‌కి ఆ పార్టీ, ప్రెసిడెంట్‌కి ఈ పార్టీ గెలిచిందంటే మోసమే

అరిజోనా, నెవాడా, మిషిగన్, విస్కాన్సిన్‌లలో ట్రంప్ గెలిచాడు, సెనేట్ సీట్లు మాత్రం డెమొక్రాట్లకి వెళ్లాయి. నార్త్ కరొలినాలో గవర్నర్ పదవి కూడా డెమొక్రాట్‌దే. ఇందులో వింతేముంది? మన పక్కనే ఒడిశాలో 2019లో ఒకే రోజు రెండు ఓట్లు వేసి, అసెంబ్లీలో బీజేడీకి 110కి పైగా సీట్లిచ్చిన జనమే లోక్‌సభకి 21లో 8 బీజేపీకిచ్చారు. మనిషిని చూసి వేసేవాళ్లు ఇక్కడా ఉంటారు.

అపోహ: ఓటమి సర్టిఫై చేయకుండా హారిస్ ఆపి ఉండొచ్చు

కుదరదు. అప్పుడు వైస్ ప్రెసిడెంట్ ఆవిడే, ఓట్లు ప్రకటించే సభకి అధ్యక్షత ఆవిడదే, కానీ 2022లో చట్టం మార్చారు. వైస్ ప్రెసిడెంట్ పని చదివి వినిపించడం వరకే, అభ్యంతరానికి కూడా రెండు సభల్లోనూ ఐదో వంతు సభ్యులు సంతకం పెట్టాలి. 2025 జనవరి 6న మంచులో కాపిటల్‌కి వచ్చి, 312 - 226 ఎలక్టోరల్ ఓట్లు (రాష్ట్రాల వారీగా లెక్కించేవి) అని తన ఓటమిని తనే ప్రకటించింది. 2001లో అప్పటి వైస్ ప్రెసిడెంట్ అల్ గోర్‌ది ఇదే పరిస్థితి, ఆయనైతే ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో పోగొట్టుకున్నాడు.

అపోహ: తేడా తక్కువుంటేనే పోస్టు ఓట్లు తెరుస్తారు

అబద్ధం. తేడా ఎంతున్నా, చెల్లేవన్నీ తెరుస్తారు.

అపోహ: కెనడా వెళ్లిపోతాం

వెళ్లండి, శుభం. పాయింట్లు, ఇంగ్లిష్ పరీక్ష, నెలల తరబడి ఎదురుచూపు ఉంటాయి. చలి ఇక్కడికంటే ఎక్కువ.

అపోహ: ఇక ఓటేసి ఏం లాభం

వదిన అసలు బాధ ఇక్కడికొచ్చి ఆగింది, నాకు భయం వేసేదీ దీని గురించే. దొంగతనం జరిగిందని నమ్మినవాళ్లు వీధుల్లోకి వస్తారని అందరూ భయపడతారు గానీ, నేను చూసినంతవరకు ఎక్కువమంది ఏం చేస్తారంటే చడీచప్పుడు లేకుండా రావడం మానేస్తారు.

మాకు సరిగ్గా రెండు నెలలకే, 2025 జనవరి 7న, స్పెషల్ ఎలక్షన్ వచ్చింది. మా స్టేట్ సెనేటర్ సుహాస్ సుబ్రహ్మణ్యం కాంగ్రెస్‌కి (అమెరికా పార్లమెంటుకి) గెలవడంతో ఆ సీటు ఖాళీ, దానికి కన్నన్ శ్రీనివాసన్ పోటీ చేయడంతో ఆయన డెలిగేట్ సీటు (రాష్ట్ర దిగువ సభలోది) ఖాళీ, దానికి జేజే సింగ్. ముగ్గురూ మన దేశపు మూలాలవాళ్లే, ముగ్గురూ గెలిచారు. ముందురోజు మంచు పడింది. నవంబర్‌లో బిల్డింగ్ చుట్టూ తిరిగిన లైన్ ఉన్న చోట ఆ రోజు మేం ఆఫీసర్లం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం. వదిన రాలేదు. అడిగితే "పెద్దదే పోయింది, ఇదెందుకు" అంది. అమ్మా, నీ పిల్ల స్కూలు బడ్జెట్టు, ఇంటి పక్కన లేస్తున్న డేటా సెంటర్లు, టోల్ రోడ్డు, ఇవన్నీ వైట్ హౌస్‌లో తేలవు!

2017లో న్యూపోర్ట్ న్యూస్‌లో డెలిగేట్ సీటుకి షెల్లీ సైమండ్స్, డేవిడ్ యాన్సీ ఇద్దరికీ సరిగ్గా 11,608 ఓట్లు. ముందు రీకౌంట్‌లో ఆమె ఒక్క ఓటుతో గెలిచింది, తర్వాత జడ్జీలు వివాదంలో ఉన్న ఒక బ్యాలెట్ ఆయనకి లెక్కించారు. 2018 జనవరి 4న రిచ్‌మండ్‌లో గిన్నెలో చీటీలు వేసి తీస్తే యాన్సీ పేరు వచ్చింది. దాంతో సభ రిపబ్లికన్లకి 51 - 49 అయింది, సైమండ్స్ పేరు వచ్చుంటే 50 - 50. ట్రైనింగ్‌లో కొత్త ఆఫీసర్లకి నేను ఈ కథ చెప్తుంటే వెనక వరసలో ఒక కుర్రాడు "ఆ రోజు ట్రాఫిక్‌లో ఇరుక్కుని రాలేకపోయినవాడికి ఎలా ఉండుంటుందో" అన్నాడు. నాకిప్పటికీ ఆ ట్రాఫిక్ మనిషే గుర్తొస్తాడు.

2025 నవంబర్‌లో మళ్లీ గవర్నర్ ఎలక్షన్ జరిగింది, మాకు బేసి సంవత్సరాల్లోనూ తప్పదు. లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచిన గజాలా హష్మీ హైదరాబాద్‌లో పుట్టినావిడ. ఆ రోజు సాయంత్రం 6 దాటాక వదిన వచ్చింది, కూతుర్ని కూడా తీసుకొచ్చింది. ఆ పిల్లకి ఇంకా ఓటు లేదు, స్కానర్ మీద అంకె ఒకటి పెరగడం తొంగి చూసి "అంతేనా?" అంది. అంతే, అన్నాను.

తెలుగువాళ్లలో ఆఫీసర్లు చాలా తక్కువగా ఉన్నాం. వర్జీనియాలో ఓటరుగా నమోదై ఉంటే చాలు, కౌంటీ రిజిస్ట్రార్ ఆఫీసుకి అప్లై చేయొచ్చు, ట్రైనింగ్ వాళ్లే ఇస్తారు. ఓడిన పార్టీ వాళ్లు వస్తే మరీ సంతోషం, వచ్చి టేపు మీరే తీయండి. 5 గంటలకల్లా అక్కడుండాలి, ఫ్లాస్కులో కాఫీ నేను తెస్తాను.