కారు పెయింట్ పెచ్చులకు ఇంట్లో టచప్: అపోహలు - వాస్తవాలు

కార్ల పెయింటింగ్ నా పని. టచప్ అంటే పెచ్చు లేచిన చోట రంగు అద్దడం. దాని అసలు ఉద్దేశం లోహానికి గాలీ నీరూ తగలకుండా మూసేయడం. అందం ఆ తర్వాతే.

అపోహ: ఖరీదైన కారుకు పెయింట్ మందంగా ఉంటుంది, చిన్న పెచ్చు లేస్తే ఏం కాదు.

ధర ఎంతైనా ఫ్యాక్టరీ పొరలన్నీ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). రాయి తగిలిన చోట లోతు చూడండి. ప్రైమర్ (రంగు కింద ఉండే పొర) మిగిలి ఉంటే కొంత టైమ్ ఉన్నట్టే. లోహం మెరుస్తుంటే ఆలస్యం వద్దు. స్టీల్ అయితే తుప్పు పెయింట్ కిందుగా పాకుతుంది. అల్యూమినియం బానెట్‌కు ఎర్ర తుప్పు రాదు గానీ, తెల్లటి పొడి కట్టి చుట్టూ పెయింట్ ఉబ్బుతుంది. ప్లాస్టిక్ బంపర్ విషయంలో మాత్రం తుప్పు టెన్షన్ అక్కర్లేదు.

అపోహ: కలర్ కోడ్ కలిస్తే మచ్చ అసలు కనిపించదు.

కోడ్, అంటే మీ కారు రంగుకు కంపెనీ ఇచ్చిన గుర్తు, తప్పనిసరి. డోర్ పిల్లర్ మీదో, బానెట్ కిందో, డిక్కీలోనో స్టిక్కర్ మీద ఉంటుంది. కానీ మెటాలిక్ రంగుల్లో మెరుపు రేణువులు స్ప్రే చేసినప్పుడు పరుచుకున్నట్టు బ్రష్‌తో పరుచుకోవు. అందుకే ఒక కోణంలో ముదురుగా, ఇంకో కోణంలో లేతగా కనిపిస్తుంది. నాలుగడుగుల దూరం నుంచి కంటికి ఆనకపోతే అది మంచి పనే.

అపోహ: ఒక్క పెద్ద చుక్క పెడితే గుంట నిండిపోతుంది.

ఎక్కువ మంది పని చెడగొట్టుకునేది ఇక్కడే. మందపు చుక్క పైన ఆరి లోపల మెత్తగా ఉండిపోతుంది, తర్వాత కుంగుతుంది. ముందు షాంపూతో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. వ్యాక్స్ మిగిలితే రంగు పట్టదు. ఊడిపోయేలా ఉన్న అంచుల్ని టూత్‌పిక్‌తో తీసేయండి. కారు నీడలో, ప్యానెల్ చల్లగా ఉండాలి. లోహం కనిపిస్తే ముందు ప్రైమర్. ఆపైన రంగు పల్చగా, గుంట లోపలికే, ఒక్కో పొర ఆరాక మరొకటి. టచప్ సీసా మూతకున్న బ్రష్ చాలా లావు, బొమ్మలు వేసే సన్నటి బ్రష్ వాడండి. చివర క్లియర్‌కోట్, అంటే రంగు మీద వేసే పారదర్శక పొర.

అపోహ: చివర్లో సాండ్‌పేపర్ కొడితేనే ఫినిషింగ్.

క్లియర్‌కోట్ చాలావరకు 40, 50 మైక్రాన్లే. 2000 గ్రిట్ అనే చాలా సన్నటి సాండ్‌పేపర్ కూడా చెయ్యి జారితే దాన్ని దాటేస్తుంది, ఇక ప్యానెల్ మొత్తం పెయింట్ చేయాల్సిందే. అలవాటు లేనివాళ్లు టచప్ చేసిన చోట మిగిలే చిన్న బొడిపెను అలాగే వదిలేయడం మేలు. మ్యాట్ (మెరుపు లేని) పెయింట్‌ను అయితే రుద్దనే కూడదు, రుద్దిన చోట నిగనిగలాడుతూ మచ్చ పడుతుంది.

టచప్ రంగు బదులు నెయిల్ పాలిష్ వద్దు. అది ఎండకూ వానకూ నిలిచే రంగు కాదు.

ఇప్పటికే పెయింట్ ఉబ్బి ఉంటే, బంపర్‌లో రాడార్ (చుట్టుపక్కల వాహనాలను పసిగట్టే పరికరం) ఉన్న చోట పెచ్చు లేస్తే ఇంట్లో ముట్టుకోవద్దు. రాడార్ ముందు పెయింట్ మందం పెరిగితే దాని పనితీరు దెబ్బతినవచ్చు. అవి వర్క్‌షాప్‌లో చేయించాల్సినవే.