“అప్పట్లో ఇలాగే వేసుకునేవాళ్ళంట కదండీ!” హిస్టారికల్ సినిమాలు, మన పెళ్ళి బట్టలు: అపోహలు - వాస్తవాలు

పెళ్ళిళ్ళ సీజన్ వస్తే చాలు, మా బొటిక్ వాట్సాప్ నిండా హిస్టారికల్ సినిమాల స్క్రీన్‌షాట్లే. దేవసేన జాకెట్టు, మస్తానీ అనార్కలి, జోధా హారం, ఈ మధ్య ఓటీటీ పుణ్యమా అని లండన్ దొరసానుల కార్సెట్ కూడా. నాకు దీంతో పేచీ ఏమీ లేదు, నాకు అన్నం పెట్టేది అదే. కాకపోతే ఆ ఫొటో వెనకే ఒక మాట వస్తుంది చూడండి, “ఇది ఒరిజినల్ మొఘల్ కట్ అంట అండీ, ఏం మార్చకుండా కుట్టండి” అని, తంటా అక్కడ మొదలవుతుంది. నేను కొన్నాళ్ళు సినిమా కాస్ట్యూమ్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్‌గా చేసి తర్వాత విజయవాడ వచ్చి బొటిక్ పెట్టుకున్నా, రెండు వైపులా చూసినదాన్ని కాబట్టి తరచూ వినే మాటలు కొన్ని తీసుకుని రాస్తున్నా.

అపోహ: మంచి హిస్టారికల్ సినిమా అంటే ఆ కాలం బట్టల్ని ఉన్నదున్నట్టు దించినది.

వాస్తవం: అలా దించితే ఆ బట్టలు మీరు కొనరు. ప్రతి పీరియడ్ సినిమాలోనూ రెండు కాలాలు ఉంటాయి, కథ జరిగిన కాలం, సినిమా తీసిన కాలం, బట్టల విషయంలో ఎక్కువసార్లు రెండోదే గెలుస్తుంది. 1963లో ఎలిజబెత్ టేలర్ వేసిన క్లియోపాత్రా చూడండి, రెండు వేల ఏళ్ళ కిందటి ఈజిప్టు రాణి, కానీ ఆ ఛాతీ ఫిట్టింగ్, ఆ కంటి చివర దాకా లాగిన ఐలైనర్ పక్కా అరవైల ఫ్యాషన్. అందుకే బయట ఆడవాళ్ళు ఆ కళ్ళని అంత తొందరగా కాపీ కొట్టారు. పద్మావత్ తీసుకుంటే చిత్తోడ్ ముట్టడి 1303లో, ఆ కథని జాయసీ అనే కవి కావ్యంగా రాసింది 1540లో, సినిమా వచ్చింది 2018లో. రింపుల్, హర్‌ప్రీత్ నరులా చేసిన ఆ ఘాగ్రాలు, ఒంటి నిండా జర్దోసీ, అంటే జరీ దారపు ఎంబ్రాయిడరీ చూస్తే 1303 కంటే చాలా తర్వాతి రాజపుత్ర ఆస్థానాలే గుర్తొస్తాయి. తప్పు పట్టడం లేదు, వాళ్ళు సినిమా తీశారు గానీ మ్యూజియం పెట్టలేదు. ఇక బాహుబలి అయితే అసలు ఏ శతాబ్దమూ కాదు, కల్పిత రాజ్యం, రమా రాజమౌళి, ప్రశాంతి తిపిర్నేని కలిసి ఒక లోకాన్ని తయారు చేశారు, అయినా “బాహుబలి కాలం నాటి డిజైన్” అని అడిగేవాళ్ళు నాకు ఇప్పటికీ తగులుతూనే ఉంటారు.

సినిమా ఏ దశాబ్దంలో తీశారో కనిపెట్టాలంటే కిరీటాలూ నగలూ చూడకండి, హీరోయిన్ కనుబొమలు, జాకెట్టు డార్ట్‌లు (ఫిట్టింగ్ కోసం వేసే మడత కుట్లు) చూడండి, దొరికిపోతుంది.

అపోహ: అనార్కలి అక్బర్ కాలం డ్రెస్.

వాస్తవం: అనార్కలి అనే మనిషే కథలో మనిషి, ఆ పేరుతో ఇంతియాజ్ అలీ తాజ్ ఉర్దూలో నాటకం రాసింది 1922లో. మనం ఈరోజు అనార్కలి అంటున్న డ్రెస్ జనం మనసులో పడింది 1960లో వచ్చిన మొఘల్-ఎ-ఆజమ్‌తో, పేరు కూడా ఆ పాత్రదే. మొఘల్ సూక్ష్మ చిత్రాల్లో ఉండేది పేష్వాజ్, ముందు వైపు తెరుచుకుని ముడులతో కట్టుకునేది, పల్చటి మస్లిన్, లోపల పైజామా కనిపిస్తూ ఉంటుంది. దాన్ని కథక్ నాట్యం వాళ్ళు తమకు తగ్గట్టు మార్చుకున్నారు, సినిమా వాళ్ళు ఛాతీ దగ్గర బిగించి నడుము కింద గేర్ (కింది వెడల్పు) పెంచారు, తర్వాత బొటిక్‌ల వాళ్ళం వెనక జిప్ పెట్టేశాం. 2015లో బాజీరావ్ మస్తానీ వచ్చాక నేల దాకా దిగే అనార్కలి మోజు బాగా పెరిగింది, అంజూ మోడీ పని, అప్పటి నుంచి ఫ్లోర్ లెంగ్త్ కాకపోతే అనార్కలే కాదన్నట్టు తయారైంది.

ఆ 1960 సినిమాకి బట్టలు కుట్టిన దర్జీలు ఢిల్లీ వాళ్ళు, జరీ పని సూరత్, ఖంభాత్ వాళ్ళది, కిరీటాలు కొల్హాపూర్‌లో, చెప్పులు ఆగ్రాలో, నగలు మాత్రం మన హైదరాబాద్ కంసాలులు చేశారు. ఈ సంగతి చెప్తే మా వర్క్‌షాప్‌లో మగ్గం మీద కూర్చునే అబ్బాయిలు భలే సంబరపడతారు.

కుట్టించుకునేవాళ్ళకి ఒక మాట, “గేర్ ఎక్కువ కావాలి” అని ఊరుకోకండి, కలీలు (నిలువు ముక్కలు కలిపి కుట్టేది) కావాలా అంబ్రెల్లా కట్ (గొడుగులా గుండ్రంగా కత్తిరించేది) కావాలా అని తేల్చుకోండి. కలీలు వేస్తే కుట్లు ఎక్కువ పడతాయి కానీ నిలువుగా పొడుగ్గా కనిపిస్తారు, అంబ్రెల్లా కట్ తిరిగితే బాగుంటుంది కానీ క్రాస్ బట్ట కదా, కొన్ని రోజులు వేలాడదీశాక కిందంచు ఎగుడుదిగుడుగా సాగుతుంది. అందుకే మేం కుట్టి, వేలాడదీసి, ఆ తర్వాతే అంచు మడుస్తాం, “రేపటికి ఇచ్చెయ్యండి” అంటే కుదరనిది అందుకే.

అపోహ: పాత కాలంలో రంగులు ఎక్కడివండీ, అన్నీ మట్టి రంగులే.

వాస్తవం: ఇది నాకు మా చెడ్డ కోపం తెప్పించేది. సినిమా వాళ్ళు గతం అనగానే బూడిద రంగో గోధుమ రంగో ఫిల్టర్ వేస్తారు, దాన్ని చూసి జనం వింటేజ్ లుక్ అంటే వెలిసిపోయిన రంగు అనుకుంటారు. మ్యూజియంలో గుడ్డ వెలిసి ఉందంటే అది వందల ఏళ్ళు బతికింది కాబట్టి, కొన్న రోజు అలా లేదు.

అసలు రంగు అంటే ప్రపంచానికి మచిలీపట్నం చూపించింది. కృష్ణా తీరంలో చిరివేరు అని ఒక మొక్క ఉంటుంది, దాని వేరు నుంచి ఎర్ర రంగు తీసేవాళ్ళు. రహస్యమంతా వేరులోనే లేదు, పటికలో ఉంది. గుడ్డని ముందు కరక్కాయ, గేదె పాలలో నానబెట్టి ఎండబెడతారు, ఎర్రగా రావాల్సిన చోట పటిక నీళ్ళు అద్దుతారు, రంగులో ఉడికిస్తే పటిక తగిలిన చోటే ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది, మిగతా చోట ఉతికితే పోతుంది. నలుపుకి ఇనప తుక్కు, బెల్లం కలిపి పులియబెడతారు, నీలానికి నీలిమందు. ఇప్పటికీ పెడనలోనూ శ్రీకాళహస్తిలోనూ ఈ కలంకారీ పద్ధతి తెలిసినవాళ్ళు ఉన్నారు.

ఇంగ్లీషు వాళ్ళు 1611లో మచిలీపట్నంలో దిగారు, వాళ్ళ వెనకా ముందూ డచ్చి వాళ్ళు, ఫ్రెంచి వాళ్ళు. మనదేశపు ఈ అద్దకం బట్ట యూరప్‌లో ఎంత పిచ్చి పుట్టించిందంటే అక్కడి నేతగాళ్ళు గోల పెట్టి, ఫ్రాన్స్ 1686లో నిషేధించింది, 1759 దాకా ఎత్తలేదు, ఇంగ్లండ్ కూడా 1721లో చట్టం చేసింది. నూలు గుడ్డ మీద ఉతికినా పోని రంగు అద్దడం వాళ్ళకి అప్పటికి అంతగా చేతకాదు. లండన్ కుర్రాడు పెర్కిన్ అనుకోకుండా మొదటి కృత్రిమ రంగు కనిపెట్టింది 1856లో, అంతకు ముందున్నవన్నీ చెట్టూ పుట్టా పురుగూ ఇచ్చిన రంగులే, అయినా అవేం నీరసంగా లేవు.

కాబట్టి యూరప్ రాజుల సినిమాలో రాణిగారి పూల గౌను చూసి “ఫ్రెంచ్ ఫ్లోరల్” కావాలని ఫొటో పంపిస్తారు చూడండి, ఆ మాటకొస్తే ఆ పూల తీగకి మన కోరమండల్ తీరంతో చుట్టరికం ఉండే అవకాశం చాలా ఎక్కువ. అటువంటి కస్టమర్‌కి నేను పెడన గుడ్డ తీసి చూపిస్తా, కొందరు మనసు మార్చుకుంటారు, కొందరు నాకు షిఫాన్ మీద డిజిటల్ ప్రింటే కావాలంటారు, వాళ్ళ డబ్బు వాళ్ళిష్టం.

అపోహ: ముస్లిం రాజులు వచ్చేదాకా మన దగ్గర కుట్టిన బట్టే లేదు.

వాస్తవం: అజంతా గుహల్లో కుట్టిన రవికలు, పొడుగు చేతుల అంగీలు వేసుకున్నవాళ్ళు కనిపిస్తారు, అవి సుమారు 5వ శతాబ్దం బొమ్మలు. ఎక్కువమంది కుట్టని బట్టే కట్టుకునేవాళ్ళు, నిజమే, ఎండలు అలాంటివి. ఇంకో వైపు, బయటి నుంచి వచ్చిన ఫ్యాషన్ మనవాళ్ళు సంతోషంగా తీసుకున్నారు కూడా. 15వ శతాబ్దంలో శ్రీనాథుడు విజయనగరం వెళ్ళి దర్బారు కోసం కుల్లాయి (పొడుగు టోపీ) పెట్టుకుని, కోక చుట్టుకుని, పెద్ద కూర్పాసం (అంగీ) తొడుక్కుని పడ్డ అవస్థ చాటువులో చెప్పుకున్నాడు, అంటే డ్రెస్ కోడ్ గోల అప్పుడే ఉంది. తిరుమల గుడిలో కృష్ణదేవరాయల కంచు విగ్రహం చూడండి, ఇద్దరు రాణులతో నిలబడి ఉంటాడు, తల మీద ఉన్నది పొడుగు టోపీ. సినిమాల్లో మనకి అలవాటైన రత్నాల కిరీటం అక్కడ లేదు. లేపాక్షి మండపం కప్పు మీద 16వ శతాబ్దం బొమ్మల్లోనూ మగవాళ్ళకి ఆ టోపీలే, ఆడవాళ్ళ చీరల మీద గళ్ళూ చారలూ పూలూ ఎన్ని రకాలో. నా దగ్గరికి వచ్చే డిజైనింగ్ స్టూడెంట్స్‌కి ఓటీటీ కంటే ముందు అనంతపురం వైపు బస్సెక్కమని చెప్తా.

అపోహ: చీరకట్టు వేల ఏళ్ళుగా ఇంతే, అందుకే పౌరాణికాల్లో కూడా ఇలాగే ఉంటుంది.

వాస్తవం: మీ నాయనమ్మనో ముత్తమ్మమ్మనో అడగండి, తొమ్మిది గజాల గోచీకట్టు గురించి చెప్తారు. లోపల లంగా, పైన జాకెట్టు, ముందు కుచ్చిళ్ళు, ఎడమ భుజం మీద పైట అనే ఈ సెట్ బ్రిటిష్ కాలంలో ఊపందుకుంది. టాగూర్ ఇంటి కోడలు జ్ఞానదానందినీ దేవి బొంబాయిలో పార్శీ ఆడవాళ్ళ కట్టు చూసి మార్చుకుని బెంగాల్‌లో ప్రచారం చేసింది. బెంగాలీ ఇళ్ళల్లో విక్టోరియా కాలపు దొరసానుల చేతుల మోడళ్ళు రవికల మీదికి వచ్చాయి. మనం ముచ్చటపడే బుట్ట చేతులకీ యూరప్‌లో 1890ల నాటి ఉబ్బు చేతులకీ పోలిక ఊరికే రాలేదు.

ఇటు రవివర్మ దేవతల బొమ్మలు 1894లో పెట్టిన ప్రెస్ నుంచి ఇంటింటికీ చేరాయి. మొదటి పౌరాణికం తీసిన ఫాల్కే కూడా ఆ ప్రెస్‌తో పనిచేసినవాడే. అందుకని సీతమ్మ, ద్రౌపది, శకుంతల అనగానే మన కళ్ళ ముందుకు వచ్చేది చాలావరకు 19వ శతాబ్దం క్యాలెండర్ బొమ్మ. అదే మళ్ళీ సినిమా నుంచి పెళ్ళి మండపానికి వస్తుంది, దాన్ని మనం ట్రెడిషనల్ అంటాం. అన్నా తప్పేం లేదు, నూటముప్పై ఏళ్ళు తక్కువ కాదు కదా.

అపోహ: కార్సెట్ వేసుకుంటే ఊపిరాడదు, అప్పటి ఆడవాళ్ళు పక్కటెముకలు కూడా తీయించుకునేవాళ్ళు.

వాస్తవం: పక్కటెముకల కథకి నమ్మదగ్గ ఆధారం లేదు. చాలామందికి కార్సెట్ రోజూ వేసుకునే లోదుస్తు, ఇప్పటి బ్రా చేసే పని అది చేసేది, వంటా వార్పూ దాంతోనే. మరీ బిగించేవాళ్ళు కొద్దిమంది. హీరోయిన్లు ఇంటర్వ్యూల్లో ఏడుస్తారంటే వాళ్ళకి అలవాటు ఉండదు, కొన్నిసార్లు లోపల వేసుకోవాల్సిన పల్చటి నూలు షెమీజ్ కూడా ఉండదు, ఒంటికి ఒరుసుకోక ఏమవుతుంది. 2020లో వచ్చిన బ్రిడ్జర్టన్ సిరీస్ మొదట్లో అమ్మాయిని నడుము పట్టి బిగించే సీన్ ఉంది కదా, 1813 లండన్‌లో గౌను నడుము ఛాతీ కిందే ఉండేది, అసలు నడుము బయటికి కనపడనే కనపడదు, ఇక బిగించి ఎవరికి చూపిస్తారు.

ఇప్పుడు సంగీత్‌లకి అడిగే కార్సెట్ బ్లౌజ్ అంటే ప్రిన్సెస్ కట్‌లో ప్లాస్టిక్ బోనింగ్ (నిలువుగా నిలబెట్టే పుల్లలు), కప్స్, వెనక డోరీ, అంతే. ట్రయల్‌కి వచ్చినప్పుడు అద్దం ముందు నిలబడి ఫొటో దిగి వెళ్ళిపోకండి, కింద పీట మీద కూర్చోండి, తలంబ్రాలు పోస్తున్నట్టు చేతులెత్తండి, గుచ్చుకుంటే అప్పుడే చెప్పండి.

అపోహ: పెళ్ళికొడుకు షేర్వానీ మొఘలుల డ్రెస్.

వాస్తవం: కాదు, 19వ శతాబ్దంలో రూపు దిద్దుకున్నది, ఇంగ్లీషు వాళ్ళ ఫ్రాక్ కోటు ప్రభావం అందులో ఉంది. అక్బర్ వేసుకున్నది జామా, పక్కన ముడి. నిజాం దర్బారులో మతంతో పని లేకుండా ఉద్యోగులు షేర్వానీ వేసుకునేవాళ్ళు, ఆ లెక్కన తెలంగాణ పెళ్ళికొడుక్కి అది అరువు డ్రెస్సేం కాదు.

అపోహ: సినిమా హిట్టయితే నేతగాళ్ళ పంట పండినట్టే.

వాస్తవం: సగం నిజం. మహానటి కోసం గౌరంగ్ షా చేనేత చీరలు నేయించాడు, ఆ సినిమాకి కాస్ట్యూమ్స్‌లో నేషనల్ అవార్డు వచ్చింది, ఆ తర్వాత మోచేతి దాకా జాకెట్లు, బుట్ట చేతులు, పెద్దంచు చీరలు అడిగేవాళ్ళు మా దగ్గర కూడా బాగా పెరిగారు. కానీ నేత మీద ఒక చీర దిగేలోపు సూరత్ నుంచి పాలిస్టర్ కాపీలు బేళ్ళకి బేళ్ళు దిగిపోతాయి, అసలు ధరలో పదో వంతు ఉండదు. తేడా చూడాలంటే చీర తిరగేయండి, ఇక్కత్ (నూలుకి ముందే రంగులద్ది నేసేది) అయితే రెండు వైపులా ఒకేలా ఉంటుంది, డిజైన్ అంచులు కొంచెం చెదిరినట్టు ఉంటాయి, ప్రింట్ అయితే వెనక రంగు పలచబడుతుంది.

అపోహ: స్క్రీన్‌షాట్ ఇచ్చాం కదా, అచ్చం అలాగే రావాలి.

వాస్తవం: సినిమాలో ఒకే డ్రెస్‌కి రెండు మూడు కాపీలు ఉంటాయి, డాన్స్‌కి తేలికది, క్లోజప్‌కి వర్క్ ఉన్నది, ఫైట్‌కి లోపల సాగే బట్ట వేసినది. వెనక సేఫ్టీ పిన్నులు, టేపులు ఎన్ని ఉంటాయో కెమెరాకి కనపడదు. లైట్లకి మెరవాలని వర్క్ బాగా దట్టంగా చేస్తారు, హీరోయిన్ షాట్ అవగానే కూర్చుంటుంది, పక్కన ఒకమ్మాయి లెహంగా పట్టుకుంటుంది. మీరు అదే బరువుతో రాత్రి ముహూర్తం నుంచి పొద్దున అప్పగింతల దాకా ఉండాలి. అందుకని మేం గేర్ అడుగున, జాకెట్టు ముందు, చేతుల మీద మాత్రం మగ్గం వర్క్ నిండుగా పెట్టి, ఓణీ కింద దాగే చోట బుటాలతో (చిన్న చిన్న విడి పూలతో) సరిపెడతాం, ఫొటోలో తేడా తెలీదు, భుజాలకి తెలుస్తుంది. ఫొటో పంపేటప్పుడు వెనక వైపుది, కూర్చున్నప్పటిది కూడా దొరికితే పంపండి, దాంతో పాటు పెళ్ళి పగలా రాత్రా, ఏసీ హాలా ఇంటి ముందు పందిరా చెప్పండి, లైనింగ్ ఏది వెయ్యాలో దాన్ని బట్టే చూసుకుంటాం.