దువ్వెన పేరు రాకపోతే దువ్వెననే మర్చిపోయినట్టా? అపోహలు – వాస్తవాలు

స్ట్రోక్ వచ్చినవాళ్లకు, డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్నవాళ్లకు స్పీచ్ థెరపీ చేయడం నా పని. మనకు తెలిసిన సంగతులు మెదడులో ఎలా అమరి ఉంటాయో, అవి చెదిరినప్పుడే బాగా తెలుస్తుంది. ఇంటివాళ్ల నోట తరచూ వినే మాటలు కొన్ని.

అపోహ: పేరు చెప్పలేకపోతే ఆ వస్తువే మర్చిపోయినట్టు.

వాస్తవం: దువ్వెన బొమ్మ చూపిస్తాను. స్ట్రోక్ వచ్చిన పెద్దాయన "అదే... అబ్బా..." అంటూ చెయ్యి తల మీదికి పోనిచ్చి దువ్వుకుంటున్నట్టు చూపిస్తారు. "దు..." అని అందిస్తే చాలాసార్లు మాట పూర్తిచేస్తారు. అర్థం భద్రంగానే ఉంది, మాట అందడం లేదంతే. సెమాంటిక్ డిమెన్షియా అనే అరుదైన జబ్బులో కథ వేరు. మనిషి గలగలా మాట్లాడుతూనే "దువ్వెన అంటే ఏంటండీ?" అని అడుగుతారు. మొదటి అక్షరం అందించినా పెద్దగా లాభం ఉండదు. కాబట్టి "నాన్నకి ఏమీ గుర్తులేదు మేడమ్" అని ముందే తేల్చేయకండి. ఆయన ఎదుట అసలే అనకండి.

అపోహ: బీరువాలో సర్దినట్టు, మెదడులో జంతువులకో అర, పనిముట్లకో అర ఉంటాయి.

వాస్తవం: ఇలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. హెర్పిస్ వైరస్ వల్ల మెదడువాపు వచ్చిన నలుగురి గురించి 1984లో ఎలిజబెత్ వారింగ్టన్, టిమ్ షాలిస్ అనే మెదడు-మనస్తత్వ పరిశోధకులు రాశారు. ఆ రోగులు వస్తువుల గురించి చక్కగా చెప్పేవారు, జంతువులు, తినే పదార్థాల దగ్గర తడబడేవారు. జంతువుల్ని ఎక్కువగా రూపాన్ని బట్టి, పనిముట్లను వాటితో చేసే పనిని బట్టి గుర్తుపడతాం కాబట్టి అలా జరిగిందని ఆ పరిశోధకుల వివరణ. వాదన ఇంకా తెగలేదు కానీ నేను దీనివైపే మొగ్గుతాను. జామకాయ రంగు, వాసన, రుచి మెదడులో తలో చోట ఉంటాయి. వాటిని ముడివేయడంలో కణతల లోపలుండే టెంపోరల్ లోబ్ ముందు భాగానిది పెద్ద పాత్ర. సెమాంటిక్ డిమెన్షియాలో కుంచించుకుపోయేది ముఖ్యంగా అదే.

ఈ జబ్బులో తెలిసిన సంగతులు పోవడంలోనూ ఒక వరస ఉంటుంది. ఒంటెను మొదట గుర్రం అంటారు, తర్వాత ఉత్త "జంతువు" అంటారు. బాతు బొమ్మ చూపించి, తీసేసి, కాసేపయ్యాక గీయమంటే నాలుగు కాళ్లు పెట్టినవాళ్లున్నారు!

అపోహ: ఏది ఏ కోవకు చెందుతుందో అందరికీ స్పష్టంగా తెలుసు.

వాస్తవం: టమాటా పండా, కూరగాయా? ఇలాంటి ప్రశ్నలే మళ్లీ కొన్ని వారాలకు అడిగితే అదే మనిషి జవాబు మార్చేస్తాడని 1978లోనే తేలింది. మనస్తత్వ శాస్త్రవేత్త ఎలినార్ రాష్ అంతకుముందే చూపించింది: అమెరికా విద్యార్థుల లెక్కలో అక్కడి రాబిన్ పిట్ట అసలుసిసలు పక్షి, పెంగ్విన్ అంతంతమాత్రం.

అపోహ: బొమ్మల పరీక్షలో మార్కులు తగ్గితే జబ్బు ముదిరినట్టే.

వాస్తవం: బొమ్మ చూసి పేరు చెప్పే బోస్టన్ నేమింగ్ టెస్ట్‌లో 60 బొమ్మలుంటాయి. అందులో ప్రెట్జెల్ (మెలితిప్పిన చిరుతిండి), ఇగ్లూ (మంచు ఇల్లు), బీవర్ (చలిదేశాల నీటి జంతువు) కూడా ఉన్నాయి. కోనసీమ రైతుకు బీవర్ ఎక్కడ కనపడుతుంది? ప్రెట్జెల్‌ను చూసి "జంతిక" అన్న మామ్మగారి బుర్ర భేషుగ్గా పనిచేస్తున్నట్టే లెక్క, షీటు మీద మాత్రం తప్పే పడుతుంది. రిపోర్టు చూసి టెన్షన్ పడేముందు ఏ బొమ్మలు చూపించారో అడగండి. వచ్చేటప్పుడు ఇంట్లో రోగి రోజూ వాడే వస్తువుల ఫొటోలు ఫోన్‌లో తీసుకురండి. చెంచాను "స్పూన్" అన్నా ఒప్పే, దిద్దకండి.