యూరోవిజన్‌లో పోర్చుగల్ పాట: అపోహలు, వాస్తవాలు

టీవీ పాటల పోటీలకు సౌండ్ మిక్సింగ్ చేయడం నా వృత్తి. ఐరోపా దేశాల మధ్య ఏటా జరిగే పాటల పోటీ యూరోవిజన్. దాని ఫైనల్ మనకు అర్ధరాత్రి దాటాక మొదలవుతుంది. అయినా ఏటా మేలుకొని చూస్తాను. 2017లో ఉక్రెయిన్ రాజధాని కీవ్ వేదికపై పోర్చుగల్ తరఫున సాల్వడార్ సోబ్రాల్ పాడిన ‘అమార్ పెలోస్ దోయిస్’ను నా దగ్గర పని నేర్చుకునే పిల్లలందరికీ వినిపిస్తాను. విన్నాక వాళ్లు అడిగే ప్రశ్నల్లో కొన్ని అపోహలు పదేపదే ఎదురవుతున్నాయి.

అపోహ: అంత పెద్ద ప్రసారంలో ఎవరూ నిజంగా పాడరు, పెదవులు కదుపుతారంతే.

వాద్యసంగీతం మాత్రమే ట్రాక్ మీద నుంచి, అంటే ముందే రికార్డు చేసిన దాని నుంచి, వస్తుంది. 1999 నుంచి అక్కడ ఆర్కెస్ట్రా లేదు. ప్రధాన గాయకుడు మాత్రం వేదిక మీద పాడి తీరాలి. కోరస్ గొంతులను ముందే రికార్డు చేసుకోవడానికి 2021 నుంచి అనుమతిస్తున్నారు, 2017లో అదీ లేదు. సోబ్రాల్ పాటలో ఉన్నవి పియానో, తీగవాద్యాలు, ఒక్క గొంతు. డ్రమ్స్, కోరస్ దట్టంగా ఉన్న పాటలో గాయకుడికి ఊపిరి అందకపోయినా ట్రాక్ కప్పేస్తుంది. గొంతు తగ్గించి పాడే పాటలో ఆ ఆసరా ఉండదు. మైకు స్థాయి పెంచక తప్పదు. పెంచామా, గొంతుతో పాటు ఊపిరి తీసిన చప్పుడు, పెదవులు విడివడిన చప్పుడు, హాలులోని హోరు అన్నీ లోపలికి వచ్చేస్తాయి. పైగా ఆయన పాడింది జనం మధ్యలో వేసిన చిన్న వేదిక మీద. హెడ్‌ఫోన్ పెట్టుకొని ఆ మూడు నిమిషాలు వినండి. పదం చివర గొంతు సన్నబడి ఊపిరిగా మిగిలిన చోట కూడా శ్రుతి జారదు. నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అపోహ: గుండె జబ్బు ఉందని జాలిపడి గెలిపించారు.

జబ్బు నిజమే. కీవ్‌లో తొలి రిహార్సల్స్‌లో ఆయన స్థానంలో ఆయన అక్క లూయిజా పాడారు. పాట రాసి, స్వరపరచింది కూడా ఆమే. ఆ ఏడాది డిసెంబరులో ఆయనకు గుండె మార్పిడి జరిగింది. కానీ అంతకుముందే, సొంత దేశంలో జరిగిన ఎంపిక పోటీలో జ్యూరీ ఈ పాటకే మొదటి స్థానం ఇచ్చింది. కీవ్‌లో జ్యూరీల నుంచి 382, ప్రేక్షకుల నుంచి 376, మొత్తం 758 పాయింట్లు వచ్చాయి. రెండు లెక్కల్లోనూ ఇదే మొదటిది. జాలి అనేవాళ్లు పాట సరిగా వినలేదని నా నమ్మకం.

అపోహ: ఇంగ్లీషులో పాడకపోతే గెలవడం కష్టం.

పోర్చుగల్ 1964లో సున్నా పాయింట్లతో మొదలుపెట్టింది. 1996లో వచ్చిన ఆరో స్థానమే చాలాకాలం వారి ఘనత. మధ్యలో ఇంగ్లీషు కలిపిన పాటలూ పంపి చూశారు. చివరికి గెలిపించింది మొదటి మాట నుంచి చివరి మాట దాకా పోర్చుగీసులోనే ఉన్న పాట. తెలుగు రాని తమిళ శ్రోతలు తరతరాలుగా త్యాగరాజ కృతులకు తలలూపుతున్నారు. ఈ సంగతి మనకు ఒకరు చెప్పాలా?

ఇక, పాటను ప్రభుత్వం ఎంపిక చేసి పంపుతుందన్నది కూడా పొరపాటే. పోర్చుగల్ తరఫున పాల్గొనేది ఆ దేశపు ప్రసార సంస్థ ఆర్‌టీపీ. ‘ఫెస్టివల్ దా కన్సావ్’ అనే పోటీ నిర్వహించి పాటను ఎంచుకుంటుంది. ఏ దేశం వారూ తమ పాటకు తాము ఓటు వేసుకోలేరు.

అపోహ: చివరి స్థానంలో నిలిచిన పాటకు అక్కడితో ఆయువు తీరినట్టే.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించే మాట ఇది. 1974 ఏప్రిల్ 6న ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో స్వీడన్ బృందం అబ్బా గెలిచిన రాత్రే, పోర్చుగల్ గాయకుడు పావులో ది కర్వాల్యో ‘ఇ దెపోయిస్ దు అదెయుష్’ పాడారు. మూడే పాయింట్లు వచ్చాయి. మరో మూడు దేశాలతో కలిసి అట్టడుగున నిలిచింది. అది ఒక వీడ్కోలు ప్రేమగీతం, రాజకీయం ఊసే లేదు. అందుకే ఎవరికీ అనుమానం రాదని అప్పటి నియంతృత్వాన్ని కూల్చాలనుకున్న పోర్చుగల్ సైన్యంలోని తిరుగుబాటు అధికారులు దాన్ని సంకేతంగా ఎంచుకున్నారు. ఏప్రిల్ 24 రాత్రి 10 గంటల 55 నిమిషాలకు లిస్బన్ రేడియోలో ఆ పాట మోగింది. సిద్ధం కండని దాని అర్థం. అర్ధరాత్రి దాటాక మరో పాట రెండో సంకేతంగా వినిపించింది. మర్నాడు సాయంత్రానికల్లా నలభై ఏళ్లకు పైగా సాగిన నియంతృత్వం కూలిపోయింది. ఆ రాత్రి తిరుగుబాటు అధికారులు రేడియోకు చెవి ఒగ్గి ఎదురుచూసింది ఆ మూడు పాయింట్ల పాట కోసమే.