కొండపల్లి కప్ప, బెంగళూరు సీసాలు

తొలకరి పడిన రెండో రాత్రి కొండపల్లి అడవి అంచున ఎవరో ఫోన్ ఫ్లాష్‌తో తీసిన చిన్న కప్ప ఫోటో వారం రోజులుగా బెజవాడ, గుంటూరు జువాలజీ వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. మొదట దాని కింద "కొత్త జాతా?" అని ఉండేది. రెండు రోజులకే ఆ ప్రశ్న గుర్తు ఊడిపోయింది. కొత్తదో కాదో తేలాలంటే ఒకటో రెండో కప్పల్ని పట్టి సీసాలో భద్రపరచాలని అధ్యాపకులన్నారు. అంటే చంపాలి. దాంతో పాత గొడవ మళ్లీ రాజుకుంది. పేరు పెట్టడానికి ప్రాణం తీయాలా?

జీవులకు రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరిచిన లిన్నేయస్ దగ్గర్నుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఆ కథ అందరూ బడిలో చదివిందే. ఈ తగువు అర్థం కావాలంటే 1937కి వెళ్తే చాలు.

సి.ఆర్. నారాయణరావు బెంగళూరు సెంట్రల్ కాలేజీలో జువాలజీ ప్రొఫెసర్. 1937లో ఆయన దక్షిణ భారతదేశపు కప్పల్లో చాలా కొత్త రకాల్ని ఒకే వ్యాసంలో వర్ణించారు. ఏ కప్పను చూసి ఆ వర్ణన రాస్తారో దాన్ని హోలోటైప్ అంటారు. రేపెప్పుడైనా అనుమానం వస్తే అందరూ వెళ్లి చూడాల్సింది దాన్నే. పొలానికి సరిహద్దు రాయి ఎలాగో జాతి పేరుకు అది అలాగ. రావుగారి కప్పలు ఆ కాలేజీలోనే ఉండేవి. తర్వాత అవి పోయాయి.

నా లెక్కలో అసలు మలుపు అదే. డీఎన్‌ఏ పరీక్షలు వచ్చాక, ఒకటే అనుకున్న కప్ప నిజానికి మూడు నాలుగు జాతులని తేలడం మామూలైపోయింది. అప్పుడు వాటిలో పాత పేరు దేనికి చెందుతుంది? రావుగారి పేర్ల విషయంలో పేరుంది, వర్ణన ఉంది, కప్ప లేదు. పరిశోధకులు ఆయన రాసిన ఊళ్లు వెతుక్కుంటూ వెళ్లి, అక్కడ దొరికినదాన్ని పట్టుకుని "ఇదే అయ్యుంటుంది" అని వాదించుకోవాల్సి వచ్చింది. కొన్ని పేర్లు ఏ కప్పవో ఇప్పటికీ తేలలేదు. 2010లో పొదకప్పల ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) ఒకదానికి ఆయన గౌరవార్థం రావోర్కెస్టిస్ అని పేరు పెట్టారు. ఆయన పెట్టిన పేర్లే గాల్లో వేలాడుతున్నాయి.

సీసా మిగిలితే ఏమవుతుందో చెప్పే కథ మన పక్కనే ఉంది. 1876లో గుంథర్ అనే జంతుశాస్త్రవేత్త లండన్‌లో ఒక టోడ్ రకం కప్పను వర్ణించాడు. దొరికిన చోటు "మలబార్" అని రాశాడు. ఇప్పుడు దాని పేరు డుట్టాఫ్రైనస్ హోలోలియస్. తీరా చూస్తే అది మలబార్ లాంటి తడి కొండల జీవి కాదు, మెట్ట ప్రాంతపు బండరాళ్ల పగుళ్లలో బతికేది. మన నాగార్జునసాగర్ దగ్గర కూడా దొరికింది. చీటీ మీద ఊరు తప్పైనా కప్ప మిగిలింది కాబట్టి, సాగర్‌లో దొరికినదాన్ని దాని పక్కన పెట్టి చూసుకోవచ్చు. ఫోటోతో ఆ పని కాదు. వేళ్ల మధ్య చర్మం ఎంతవరకు ఉంది, నోట్లో పళ్లెలా ఉన్నాయి వంటివి ఫ్లాష్ వెలుగులో కనపడవు.

2002 జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ కూడా ఇదే అడుగుతుంది. ఎవరు కొత్త జాతిని కనిపెట్టినా తెలియజేయాలి, నమూనాల్ని ప్రభుత్వం గుర్తించిన భాండాగారంలో అప్పగించాలి. జంతువులకైతే జువలాజికల్ సర్వే. మనకు దగ్గర్లో ఉన్నది హైదరాబాద్ కేంద్రం.

వద్దనేవాళ్ల దగ్గరా వాదన ఉంది. దక్షిణాఫ్రికాలో ఒక ఈగను 2015లో కేవలం ఫోటోలతోనే కొత్త జాతిగా ప్రకటించారు. జంతువుల పేర్లకు వర్తించే అంతర్జాతీయ నామకరణ నియమావళి దాన్ని అడ్డుకోలేదు. కప్ప వేలి కొసంత ముక్క చాలు డీఎన్‌ఏకి, తర్వాత దాన్ని వదిలేయొచ్చు అంటారు. అదీ నిజమే. అయితే మరుసటి ఏడాది దాదాపు 500 మంది వర్గీకరణ శాస్త్రవేత్తలు ఫోటో పద్ధతి సరిపోదని సంతకాలు చేశారు. 2017లో నియమావళి కమిషన్ నిషేధమైతే పెట్టలేదు గానీ, నమూనా లేకుండా పేరు పెట్టేవాళ్లు ఎందుకలా చేశారో వివరించాలని సూచించింది.

చంపడం మీద ఇంత కోపం ఎందుకో నాకు తెలుసు. మా తరం డిగ్రీ ల్యాబ్‌లో మైనం పళ్లెంలో మేకులు కొట్టి కప్పల్ని కోసింది. గోనెసంచెడు వచ్చేవి. రికార్డులో అన్నిటికీ ఒకటే పేరు, రానా టైగ్రినా. (అదీ ఇప్పుడు హోప్లోబాట్రాకస్ టైగరినస్ అయింది.) వాటిలో ఒక్కదానికైనా ఏ చెరువులో పట్టారో చెప్పే చీటీ లేదు. 2014లో యూజీసీ ఆ కోతలు ఆపించింది, మంచిదే. కానీ ఆ గోనెసంచినీ, నంబరు కట్టిన రెండు కప్పల్నీ ఒకే గాటన కట్టేస్తున్నారు.

"బెజవాడ పక్కన కొత్త కప్పేంటి" అని నవ్వేవాళ్లు మంగళూరు సంగతి చూడాలి. అక్కడ పరిశ్రమల మధ్య దొరికిన చిన్న కప్పకు 2018లో మైక్రోహైలా కొడియాల్ అని పేరొచ్చింది.

కొండపల్లిది రిజర్వు అడవి. అక్కడ కప్పను పట్టాలంటే ముందు అటవీ శాఖ అనుమతి కావాలి, దానికి ఎవరూ ఇంకా దరఖాస్తు పెట్టలేదు. ఈలోగా చంపకుండానే చేయగలిగిన పని ఒకటుంది, మగకప్ప కూత రికార్డు చేయడం. చూడ్డానికి ఒకేలా ఉండే జాతుల్ని చాలాసార్లు ముందు పట్టిచ్చేది అదే. ఫోటో తీసినాయన్ని గ్రూపులో ఎవరో అడిగారు కూడా. వాన హోరులో ఏమీ వినపడలేదట.